అతిథి విశ్వాసం: సొమ్ము ఎవరిది? బహుమానం ఎవరికి?

తిథి నియమం లేకుండ వచ్చేవాడు అతిథి అని మన పెద్దలు వ్యుత్పత్తి చెప్పినారు. తైత్తిరీయోపనిషత్తు అతనిని దైవంగా భావించమని బోధించినది. ఇస్లాం ధర్మంలో జకాత్ పొందుటకు అర్హులైన ఎనిమిది వర్గాలలో బాటసారి ఒకడు. స్వగ్రామంలో ఎంతటి సంపన్నుడైనను, దారిలో చేతిలో పైకం లేక చిక్కుకొన్నచో అతడు ఆ సహాయానికి అర్హుడే. ఈ రెండు సంప్రదాయాలలోను ఆదరణకు కారణం ఒక్కటే: అతడు పరాయి చోట ఉన్నాడు. అతడు మరల వస్తాడా, రాడా అని ఎవరూ విచారించలేదు. నేటి హోటల్ వ్యాపారం మొట్టమొదట విచారించేది మాత్రం అదే.

మరల మరల వచ్చే అతిథికి బహుమానం ఇచ్చే పద్ధతులు నేడు లోకమంతటా వ్యాపించి ఉన్నవి. వీటిని వాడుకలో లాయల్టీ పథకాలంటారు. ఉర్దూలో దీనికి ‘వఫాదారీ’ అనే చక్కని మాట ఉన్నది. కొనుగోలుదారునికి బహుమతి ముద్రలు పంచే పద్ధతి అమెరికాలో 1896 నాటికే ఉన్నది. కొన్న సరుకును బట్టి ఆకుపచ్చని స్టాంపులు ఇచ్చేవారు. వాటిని పుస్తకంలో అంటించి, నిండిన పుస్తకాలకు గృహోపకరణాలు తీసుకొనేవారు. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారు ప్రయాణించిన మైళ్లను లెక్కగట్టి ఉచిత టిక్కెట్లు ఇచ్చే పథకం ఆరంభించినారు. 1983లో హాలిడే ఇన్, మారియట్ సంస్థలు అదే సూత్రాన్ని హోటల్ గదులకు వర్తింపజేసినవి. మన దేశంలో తాజ్ హోటళ్ల సభ్యత్వ పథకం 2022 నుండి టాటా వారి ‘న్యూ’ పథకంతో కలిసినది. అందులో ఒక నాణెం ఒక రూపాయితో సమానం.

ఇవన్నీ పెద్ద గొలుసు సంస్థల సంగతులు. ఒక ఊరి హోటల్‌లో సంపాదించిన పాయింట్లను మరొక ఊరి హోటల్‌లో ఖర్చు చేసుకొనే వీలు ఉండుట వాటి బలం. ఒక్క భవనం, ఒక్క యజమాని మాత్రమే గల స్వతంత్ర హోటల్‌కు ఆ వీలు లేదు. అందుకనే 2010లో అమెరికాలో స్టాష్ హోటల్ రివార్డ్స్ అనే పేరుతో అనేక స్వతంత్ర హోటళ్లు ఒకే పాయింట్ల ఖాతా క్రిందికి వచ్చినవి. ఈ ఆలోచన మన పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతానికి ఎంతవరకు పనికివస్తుంది, ఏ విధంగా పనికివస్తుంది అన్నది ఇక్కడ మేము చర్చింపదలచిన విషయం.

మన వైపు ‘హోటల్’ అంటే భోజనశాల, ‘లాడ్జి’ అంటే బస చేసే చోటు. రామచంద్రాపురం దాటి, పటాన్‌చెరు, ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది మీదుగా సంగారెడ్డి చౌరస్తా వరకు పోయే 65వ నెంబరు జాతీయ రహదారికి రెండు వైపుల ఇట్టి లాడ్జీలు ఎన్నో ఉన్నవి. వీటిని పోషించినవి ఇక్కడి కర్మాగారాలు. 1960వ దశకంలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ నెలకొన్నవి. ఆ దశకంలోనే పటాన్‌చెరు పారిశ్రామికవాడ రూపుదిద్దుకొన్నది. తరువాత బొల్లారం, ఖాజీపల్లి, పాశమైలారం వచ్చినవి. కందిలో ఐ.ఐ.టి. వచ్చినది. 2016లో సంగారెడ్డి పేరున వేరు జిల్లా ఏర్పడినది. యంత్రాన్ని బిగించుటకు వచ్చిన ఇంజినీరు, లెక్కలు తనిఖీ చేయుటకు వచ్చిన ఆడిటరు, సరుకు నాణ్యత చూచుటకు వచ్చిన కొనుగోలుదారుని మనిషి, మెడికల్ రిప్రజెంటేటివ్, కలెక్టరు కచేరీలో పని ఉండి వచ్చిన గ్రామస్థుడు, వీరే ఈ లాడ్జీల అతిథులు. విహారయాత్రికులు అరుదు. గమనింపదగిన సంగతి ఏమనగా, ఈ అతిథులలో అత్యధికులు తమ గది అద్దెను తాము భరించరు. పంపిన కంపెనీయే భరిస్తుంది.

నేడు ఈ లాడ్జి యజమానులకు ఒక కొత్త చిక్కు వచ్చి పడినది. అతిథి నేరుగా కౌంటరుకు రాకుండ, ఫోనులో గది మాట్లాడుకొని వస్తున్నాడు. మధ్యలో ఉన్న సంస్థ తన కమిషన్ తీసుకొంటుంది. అంతటితో ఆగక, తమ వేదిక మీద చూపిన ధర కంటె తక్కువకు మరెక్కడా గది ఇయ్యరాదని హోటళ్లకు షరతు విధించిన సందర్భాలు కూడ ఉన్నవి. ఈ షరతు మొదలైన విషయాలపై విచారణ జరిపిన భారత పోటీ కమిషన్ 2022 అక్టోబరులో మేక్‌మైట్రిప్, గోఐబిబో సంస్థలపై 223.48 కోట్ల రూపాయలు, ఓయో సంస్థపై 168.88 కోట్ల రూపాయలు జరిమానా విధించినది. ఆ సంస్థలు అప్పీలుకు వెళ్లినవి. న్యాయనిర్ణయం ఎట్లున్నను యజమాని బాధ మాత్రం వాస్తవం. తన అతిథి తనవాడు కాకుండ పోయినాడు. మరునాడు ఆ ఫోను మరొక లాడ్జిని చూపితే అక్కడికే పోతాడు. కావున అతిథిని తిరిగి తన కౌంటరుకే రప్పించుకొనుటకు కార్డులు, కూపన్లు, పదకొండవ రాత్రి ఉచితం అనే ప్రకటనలు మొదలైనవి. ఇందులో తప్పు పట్టవలసినది లేదు. చిన్న వ్యాపారి తన బతుకును తాను కాపాడుకొనుట న్యాయమే.

అయితే మన ప్రాంతపు లాడ్జీలలో కార్డులు, కూపన్లు రాకముందు నుండియే ఒక లాయల్టీ పథకం ఉన్నది. దానికి పేరు లేదు, కాగితం లేదు. కౌంటరు గుమాస్తా అడిగే ఒక్క ప్రశ్నయే ఆ పథకం. దానిని మేము స్వయంగా విన్నాము.

కొన్ని సంవత్సరాల క్రితం జవాబుపత్రాల మూల్యాంకనం నిమిత్తం ఒక పొరుగు జిల్లా కేంద్రానికి వెళ్లి, ఒక లాడ్జిలో మూడు రాత్రులు ఉన్నాము. రాత్రికి ఎనిమిది వందలు అద్దె. బస ఖర్చు బిల్లు ప్రకారం మాకు తిరిగి చెల్లిస్తారు. ఖాళీ చేసే ఉదయం గుమాస్తా రశీదు పుస్తకం తెరచి, కలం పట్టుకొని, ఎంతో మర్యాదగా “బిల్లు ఎంతకు రాయమంటరు సార్?” అని అడిగినాడు. మాకు వెంటనే అర్థం కాలేదు. “పోయినసారి వచ్చిన సార్లకు పన్నెండు వందలకు రాసినం. మళ్ల వచ్చినప్పుడు మా దగ్గరికే రాండ్రి” అన్నాడు. ఇచ్చినంతే రాయమన్నాము, అతడు అట్లే రాసినాడు. కాని ఆ మాట మా నోటి నుండి వచ్చుటకు ముందు మా మనస్సు ఒక లెక్క వేసినది. రాత్రికి నాలుగు వందల వంతున మూడు రాత్రులు, మొత్తం పన్నెండు వందల రూపాయలు. తరగతిలో నీతి పద్యాలు బోధించే మా మనస్సు ఆ లెక్కను ఎంత వేగంగా వేసినదో తలచుకొంటే నేటికీ సిగ్గుగా ఉన్నది. ఈ వ్యాసానికి మూలం ఆ సిగ్గే.

ఆ గుమాస్తాను మేము దొంగ అనలేము. అతడు తన లాడ్జికి అతిథిని సంపాదించుకొంటున్నాడు. అతని దృష్టిలో అది మర్యాద. కాని అతడు పంచిపెట్టిన బహుమానం అతని యజమానిది కాదు, మాది కాదు. ఆ గదిలో లేని మూడవ వానిది. ఇప్పుడు జీఎస్టీ బిల్లులు వచ్చి ఈ పద్ధతికి కొంత అడ్డు ఏర్పడినది గాని, మనిషి బుద్ధికి అడ్డుకట్ట ఏర్పడినదని చెప్పలేము.

ఇక కొత్త పథకాన్ని ఈ పాత పథకం ప్రక్కన పెట్టి చూడండి. కంపెనీ డబ్బుతో పది రాత్రులు బస చేసిన ఉద్యోగికి లాడ్జివారు అతని సొంత పేరున ఒక ఉచిత రాత్రి ఇచ్చినారు. దొంగ బిల్లు లేదు, అబద్ధం లేదు. కార్డు మీద ముద్ర ఉన్నది, రశీదు ఉన్నది. అయినను ప్రశ్న మిగిలియే ఉన్నది: సొమ్ము ఒకరిది, బహుమానం మరొకరికి. రేపు అదే ఉద్యోగి ఎదుట రెండు లాడ్జీలు ఉన్నవనుకొందాము. ఒకటి శుభ్రంగా ఉండి, కర్మాగారానికి దగ్గరగా ఉండి, రెండు వందలు తక్కువ. రెండవది ప్రియమైనదే గాని కార్డు ఇస్తుంది. అతడు దేనిని ఎన్నుకొంటాడు? దేనిని ఎన్నుకొన్నను కారణం ఎవరికి చెప్పుతాడు? మన పెద్దలు అప్పగించిన సొమ్మును ‘అమానత్’ అన్నారు. అమానత్‌ను దొంగిలించుట ఒక్కటే తప్పు కాదు; దానిని ఖర్చు పెట్టే చోట తన లాభాన్ని చూచుకొనుట కూడ తప్పే.

ఈ ప్రశ్న మాకే కొత్తగా తోచినది కాదు. భారత ప్రభుత్వ ఆర్థిక శాఖ 2008లో ఇచ్చిన ప్రయాణ భత్యపు ఉత్తర్వులలో, అధికార ప్రయాణాలకు కొన్న విమాన టిక్కెట్ల మీద లభించే మైలేజి పాయింట్లను ఆ శాఖ యొక్క ఇతర అధికార ప్రయాణాలకే వాడవలెననియు, సొంత ప్రయాణానికి వాడుకొన్న అధికారిపై శాఖాపరమైన చర్య ఉండుననియు స్పష్టంగా చెప్పినది. జర్మనీలో 2002లో బెర్లిన్ ప్రభుత్వపు ఆర్థిక మంత్రి గ్రెగోర్ గీసి, అధికార ప్రయాణాలలో వచ్చిన మైళ్లను సొంతానికి వాడుకొన్న విషయం బయటపడగా పదవికి రాజీనామా చేసినాడు. అమెరికా వేరు మార్గం పట్టినది. 2001 చివర చేసిన చట్టం ద్వారా కేంద్ర ప్రభుత్వోద్యోగులు అట్టి మైళ్లను తామే ఉంచుకొనవచ్చునని అనుమతించినది. ఈ మూడు దేశాలలో ఏది సరియైన మార్గమని విద్యార్థులు మమ్ములను అడుగవచ్చును. మూడింటిలోను ఒక సమానాంశం కలదని మా సమాధానం. విషయం బహిరంగంగా చర్చకు వచ్చినది. నిర్ణయం సొమ్ము చెల్లించేవారి పక్షాన జరిగినది. అమెరికాలో ఉద్యోగి తీసుకొన్నను అది యజమానికి తెలిసి, చట్టం ఇచ్చినందున తీసుకొన్నాడు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు చోటున్నది. నెలలో పదిహేను రాత్రులు ఇల్లు విడిచి, దోమల మధ్య, పరాయి భోజనం తిని తిరిగే ఉద్యోగికి ఒక ఉచిత రాత్రి కూడ దక్కరాదా? అతని బిడ్డ పుట్టినరోజు నాడు అతడు ఇస్నాపూర్ లాడ్జిలో పడుకొన్నాడు. దానికి వెల ఏమి? ఈ ఆక్షేపణను మేము తేలికగా తీసివేయలేము. మా పూర్వ విద్యార్థులలో ఇట్టి ఉద్యోగాలు చేసేవారు ఉన్నారు; వారి అలసట మేము ఎరుగుదుము. అయితే దానికి ప్రతిఫలం ఇయ్యవలసినది అతనిని పంపిన కంపెనీ, సరియైన భత్యం రూపంలో. కంపెనీయే ‘ఆ పాయింట్లు నీవే ఉంచుకో’ అని వ్రాతపూర్వకంగా అన్నచో అంతకంటె కావలసినదేమున్నది? అడిగి తీసుకొన్నది హక్కు, అడుగకుండ తీసుకొన్నది లోపం. రెండింటికి తేడా ఒక్క ఉత్తరం మాత్రమే.

మరి స్వతంత్ర లాడ్జి యజమాని ఏమి చేయవలెను? పెద్ద సంస్థలను చూచి పాయింట్ల జోలికి పోవద్దని మా మనవి. పాయింటు అనగా అప్పు. నేడు పుచ్చుకొన్న సొమ్ములో కొంత భాగానికి రేపు సేవ చేస్తానన్న వాగ్దానం. 2018 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఇండ్ ఏఎస్ 115 అనే లెక్కల ప్రమాణం ప్రకారం పెద్ద కంపెనీలు ఇట్టి వాగ్దానపు విలువను వెంటనే ఆదాయంగా చూపరాదు. నెరవేర్చునంత వరకు బాకీగా చూపవలెను. మా కామర్సు విద్యార్థులకు ఇది తెలిసిన పాఠమే. ఇరువది గదుల లాడ్జివాడు ఈ బాకీని ఏ పుస్తకంలో వ్రాస్తాడు? రెండు సంవత్సరాల తరువాత యజమాని మారితే పాత కార్డులను ఎవరు గౌరవిస్తారు? గడువు దాటినదని పాయింట్లను రద్దు చేసిన నాడు అతిథికి కలిగే కోపం, అసలు పాయింట్లే ఇయ్యని లాడ్జి మీద కలగదు. ఆశ చూపి లాగుకొన్న చేతిని మనిషి మరువడు.

దాని బదులు సూటిగా లెక్క వేసుకొనవలెను. ఉదాహరణకు గది అద్దె 1,500 రూపాయలు, మధ్యవర్తి కమిషన్ నూటికి 20 అనుకొందాము. అప్పుడు ఒక్కొక్క రాత్రికి 300 రూపాయలు బయటికి పోతున్నవి. అదే అతిథి రెండవసారి నేరుగా కౌంటరుకు వచ్చినచో ఆ 300 మిగులుతుంది. అందులో 100 రూపాయలను బిల్లులోనే తగ్గించి, ‘తిరిగి వచ్చిన అతిథికి తగ్గింపు’ అని అచ్చులో చూపవలెను. అప్పుడు ఆ లాభం తనంత తానే బిల్లు చెల్లించేవానికి చేరుతుంది. కంపెనీ చెల్లిస్తే కంపెనీకి, సొంత ఖర్చుతో వచ్చిన గ్రామస్థుడు చెల్లిస్తే అతనికి. ఎవరి మనస్సును ఎవరూ పరీక్షింపనక్కరలేదు. అతిథికి స్వయంగా చేయవలసిన మర్యాద వేరే ఉన్నది. అతనికి మేడ మీది గది ఇష్టమా, క్రింది గది ఇష్టమా, తెల్లవారుజామున షిఫ్టుకు పోయేవానికి వేడినీళ్లు ఎన్ని గంటలకు కావలెను, రంజాన్ నెలలో సహరీ వేళకు లేపవలెనా, శనివారం ఉపవాసం ఉండేవానికి ఏమి పెట్టవలెను, ఇవి జ్ఞాపకం పెట్టుకొనుట. దీనికి ఖర్చు లేదు, ఇందులో ఎవరి సొమ్మును ఎవరూ తినలేదు. గొలుసు సంస్థల యంత్రాలు కూడ ఇవన్నీ నమోదు చేసుకొంటవి గాని, గుమ్మంలో నిలబడి “వచ్చినారా సార్, అదే గది ఉంచినం” అన్న మాటకు సాటి రావు.

ఆ మాట అనేది ఎవరు? యజమాని కాదు, కౌంటరు గుమాస్తా, రూంబాయి. అతిథి తిరిగి వచ్చుటకు కారణమైనవారు వీరే. దుప్పటి మార్చినవాడు, అర్ధరాత్రి మోటారు వేసి నీళ్లు ఎక్కించినవాడు, జ్వరం వచ్చిన నాడు మాత్ర తెచ్చి ఇచ్చినవాడు. వీరి పేరున ఏ కార్డూ లేదు. వీరికి ఇచ్చుటకని బిల్లు మీద సేవారుసుం తప్పనిసరిగా వేయుట సరికాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చినది; 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించినది. కావున అతిథి జేబును వెదకనక్కరలేదు. పైన మిగిలిన 300లో 50 రూపాయలు నెల చివర సిబ్బంది అందరికీ సమానంగా పంచవలెను. యజమానికి ఇంకను 150 మిగులుతుంది. విశ్వాసానికి బహుమానం అన్నప్పుడు, విశ్వాసాన్ని నిలబెట్టినవానికి వాటా లేకుండుట ధర్మమా?

చివరకు ఒక్క మాట. మేము మొదట చెప్పిన అతిథి మరల వచ్చే అతిథి కాదు.

2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ కర్మాగారంలో ప్రేలుడు సంభవించి నలుబదికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయినారు. వారిలో ఎందరో బీహార్, ఒడిశా, ఉత్తర ప్రదేశ్ మొదలగు రాష్ట్రాల నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు. వార్త విని వారి తండ్రులు, అన్నదమ్ములు, భార్యలు రైళ్లు ఎక్కి ఈ ప్రాంతానికి వచ్చినారు. దేహాలను గుర్తించుటకు డీఎన్ఏ పరీక్షలు అవసరమైనవి. ఫలితాల కొరకు వారు ఆసుపత్రి చుట్టూ, కర్మాగారం చుట్టూ రోజుల తరబడి ఎదురుచూచినారు. భాష తెలియదు, ఊరు తెలియదు, చేతిలో కార్డు లేదు. వారు మరల ఈ ఊరికి రారు. రావలెనని కోరుకొనరు కూడ. తిథి లేకుండ వచ్చిన అతిథి అంటే వారే. దారిలో చిక్కుకొన్న బాటసారి అంటే వారే.

గోల్కొండ దాపున షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి సరాయి నేటికీ నిలిచి ఉన్నది. హయత్‌నగర్ మసీదు చుట్టూ బాటసారుల కొరకు కట్టిన గదుల వరుసలు ఉన్నవి. ఒక్కసారి వచ్చి పోయేవాని కొరకు కట్టిన గదులవి. మన రహదారి మీది లాడ్జి యజమానులు కలిసి ఒక పథకం పెట్టుకొనే రోజు వచ్చినచో, తిరిగి వచ్చే అతిథికి ఇచ్చే తగ్గింపుతో పాటు, ఆపదలో వచ్చిన అపరిచితుని కొరకు ఏ లాడ్జిలో ఏ గది ఉంచవలెనో కూడ ఆ కాగితం మీదనే వ్రాసుకొనవలెనని మా కోరిక. శని, ఆదివారాలలో కర్మాగారాల అతిథులు తగ్గి గదులు ఖాళీగానే ఉంటవి. ఖాళీ గదికి దుప్పటి, నీళ్లు, కరెంటు తప్ప వేరు ఖర్చు లేదని ఆ యజమానులకు మాకంటె బాగా తెలుసు.

మా విద్యార్థులలో కొందరు రేపు ఆ కర్మాగారాలలో ప్రయాణపు బిల్లులు వ్రాస్తారు, కొందరు ఆ బిల్లులను తనిఖీ చేస్తారు, కొందరు ఆ లాడ్జీల కౌంటరు వెనుక కూర్చుంటారు. కలం పట్టుకొన్న గుమాస్తా ఎంతకు రాయమంటారని అడిగే ఉదయం ప్రతివానికీ వస్తుంది. ఆ ఉదయం మనస్సు లెక్క వేస్తుంది, మాది వేసినది. అది వేసిన తరువాత కూడ ‘ఉన్నదే రాయండి’ అనగలిగినచో, ఈ కళాశాలలో చదివినందుకు అదియే మాకు చాలు.